చేపు వచ్చేదాకా ఆగండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారమంతా పేపర్లో తల్లిపాలు అమృతమనీ, ముర్రుపాలు బిడ్డకి మొదటి టీకా అనీ వస్తుంది. అంగన్‌వాడీ దగ్గర తల్లుల ర్యాలీ ఫొటో వేస్తారు. అవన్నీ నిజాలే, వెయ్యాల్సినవే. కానీ నెలరోజుల బిడ్డ రాత్రి ఎనిమిదింటికి రొమ్ము పట్టి, రెండు గుక్కలు తాగి, వదిలేసి, వెనక్కి విరుచుకుపడి, గుప్పిళ్ళు బిగించి, మొహమంతా ఎర్రగా కందిపోయేలా గుక్కపట్టి ఏడుస్తుంటే ఆ తల్లి ఏం చెయ్యాలో ఎక్కడా రాయగా నేను చూడలేదు. చాలా ఇళ్ళలో తల్లిపాలు ఆగిపోయేది సరిగ్గా అక్కడే. అందుకే ఈ ఉత్తరం. పొడుగైందని తెలుసు. తగ్గిస్తే అసలు సంగతి పోతుందని అలాగే పంపుతున్నాను.

నాకు 58 ఏళ్ళు. పాలకొల్లు దగ్గర ఒక పల్లె మాది. పదో తరగతి దాకా చదివాను. కాపురానికి వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో గేదెలు లేని రోజు లేదు. రెండు పూటలా పాలు పితికి కేంద్రానికి పొయ్యడం నా పనే. ఇద్దరు బిడ్డల్ని కని, నా పాలతోనే పెంచాను. పాల గురించి నాకు తెలియనిదేమీ లేదనుకునేదాన్ని. అలాంటి నేనే, మా అమ్మాయి పురిటికి వచ్చినప్పుడు, "నీకు పాలు చాలట్లేదమ్మా" అని అందరికంటే ముందు అన్నాను. ఆ మాట ఎంత తప్పో, దానివల్ల నా కూతురు ఎన్ని రాత్రులు ఏడ్చిందో చెప్పకుండా మిగతాది చెప్పడం న్యాయం కాదు.

మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంది. తొలి కాన్పు పుట్టింట్లో అని ఏడో నెలలో తీసుకొచ్చాం. కిందటి ఏడాది కార్తీకమాసంలో పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, 2 కిలోల 900 గ్రాములు. తల్లిని ఇంకా గదిలోకి తీసుకురాకముందే పసిదాన్ని తెల్లగుడ్డలో చుట్టి మా చేతికిచ్చి, "పాలు పడటానికి టైం పడుతుంది, ఈ డబ్బా తెచ్చుకోండి" అని చీటీ రాసిచ్చారు. అల్లుడుగారు పరుగెత్తి తెచ్చారు. 30 మిల్లీలీటర్లు కలిపి సీసాతో పట్టాం. తాగింది, పడుకుంది. అమ్మయ్య అనుకున్నాం. మొదటి రోజు బిడ్డకి ఒక్కో పూటకి చెంచాడు ముర్రుపాలు సరిపోతాయని, బిడ్డను రొమ్ముకి ఆనిస్తే ఆపరేషన్ అయిన తల్లికైనా ఆ చెంచాడు వస్తాయని నాకు చాలా తర్వాత తెలిసింది. గేదె ఈనితే జున్నుపాలు ముందు దూడకి వదలకుండా నేను ఒక్కనాడూ పితకలేదు. నా మనవరాలి విషయంలో ఆ మాత్రం తోచలేదు.

ఐదో రోజు ఇంటికి పంపించారు. మందుల సంచిలో ఇంకో పాలడబ్బా ఉంది. డబ్బులు తీసుకోలేదు. మంచివాళ్ళు అనుకున్నాను.

ఇంటికొచ్చిన పది రోజులకు మొదలైంది ఆ ఏడుపు. పగలు కొంత నయం. దీపాలు పెట్టే వేళ అయిందంటే చాలు, రొమ్ము నోట్లో పెట్టుకోవడం, చప్పరించడం, లాగి వదిలెయ్యడం, తల అటూ ఇటూ కొట్టుకుంటూ ఏడవడం. మళ్ళీ పెడితే మళ్ళీ అంతే. ఒక్కోరోజు రెండు గంటలు, ఒక్కోరోజు మూడు. చివరికి నేను లేచి సీసా కలిపేదాన్ని. గటగటా తాగేది, నిద్రపోయేది. "చూశావా, ఆకలే. నీ దగ్గర పాలు లేవు" అనేదాన్ని. అది మాట్లాడేది కాదు. గోడవైపు తిరిగి పడుకునేది. కుట్లు లాగుతున్నా లేచి కూర్చుని, అరగంట అరగంట రొమ్ము పట్టించి, చివరికి నేను సీసాతో ఆ బిడ్డను పడుకోబెడితే చూస్తూ ఊరుకున్న పిల్ల మనసు ఎలా ఉంటుందో అప్పుడు నేను ఆలోచించలేదు.

తిండికి లోటు చెయ్యలేదు. వెల్లుల్లి కారం, మెంతికూర, మునగాకు పెట్టాను. నరసాపురం నుంచి పాలసొర చేప తెప్పించి పిట్టు చేసి పెట్టాను. మా వైపు బాలింతకి పాలసొర పెట్టకుండా ఉండరు. నీళ్ళు మాత్రం పాత అలవాటు కొద్దీ కొలిచి ఇచ్చాను. ఎక్కువ తాగితే పొట్ట వస్తుందని మా అత్తగారు నాకు చెప్పిన మాటే. పాలిచ్చే మనిషికి దాహం ఎంత వేస్తుందో నా ఒంటికి తెలుసు, అయినా అదే పని నా కూతురికి నేనూ చేశాను. అదీ తప్పే.

ఇరుగుపొరుగు వచ్చి తలో మాట అన్నారు. దిష్టి తగిలిందన్నారు, తీశాం. గ్రైప్ వాటర్ పట్టమన్నారు, పట్టాం. పంచదార నీళ్ళన్నారు, తేనె నాకించమన్నారు. మా వదినగారు, అంటే అల్లుడుగారి తల్లి, ఎంతో ప్రేమగా వసకొమ్ము తెచ్చారు, అరగదీసి పొయ్యమని. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడ పిల్లలకి పోశారు, మా అమ్మ నాకు పోసింది. కానీ వస వల్ల పసిపిల్లలకు వాంతులవుతాయనీ, ఏడాది నిండని బిడ్డకి తేనె ప్రమాదమనీ, ఆరు నెలల దాకా మంచినీళ్ళు కూడా అక్కర్లేదనీ డాక్టర్లు చెబుతారు. అది తెలిశాక ఆ కొమ్మును దేవుడి గూట్లో పెట్టేశాను. ఈ వైద్యాలన్నీ కడుపునొప్పికి చేస్తున్నాం. బిడ్డ ఏడుస్తున్నది రొమ్ము దగ్గరే కదా, అక్కడ ఏం జరుగుతోందో చూద్దామని ఒక్కరికీ తోచలేదు.

నెలన్నర టీకాకి మా ఊరి సబ్‌సెంటర్‌కి తీసుకెళ్ళాం. పొద్దున్నే బయల్దేరామని పాలు పట్టలేదు. అక్కడ జనం ఉన్నారు, గంట పైనే కూర్చున్నాం. ఈలోపు అమ్మాయికి రొమ్ములు రాళ్ళయిపోయాయి. పక్కగదిలోకి వెళ్ళి పట్టించింది. పసిది నాలుగు గుక్కలు తాగి పొలమారి, దగ్గి, వదిలేసి కేకలు మొదలెట్టింది. వదిలిన రొమ్ము నుంచి పాలు సన్నటి ధారలుగా చిమ్మి దాని కళ్ళ మీదా, చెవి మీదా పడ్డాయి. నర్సమ్మ చూసింది. "ఎందుకిలా ఏడుస్తోంది?" అంది. నేను ఎప్పటి జవాబే చెప్పాను: "తల్లికి పాలు లేవమ్మా, డబ్బా పడుతున్నాం."

ఆవిడ నా మొహంలోకి చూసి, "పాలు లేని తల్లికి ఇలా చిమ్ముతాయా పెద్దమ్మా?" అంది.

నా దగ్గర జవాబు లేదు.

బిడ్డను తూచింది. 3 కిలోల 800. "బాగానే పెరిగింది. అందులో డబ్బా వాటా ఎంతో, మీ అమ్మాయి వాటా ఎంతో ఇంటికొచ్చి చూస్తాను" అంది. చెప్పినట్టే మర్నాడు సాయంత్రం, తన పని అయిపోయాక వచ్చింది. మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. పాతిక నిమిషాలు ఏమీ మాట్లాడకుండా బిడ్డ తాగడం చూసింది. పుట్టినప్పటి నుంచి ఆ బిడ్డ పాలు తాగడాన్ని మొదటి నుంచి చివరి దాకా చూసిన మొదటి మనిషి ఆవిడే. ఆసుపత్రిలో ఉన్న ఐదు రోజుల్లో ఒక్కరూ చూడలేదు. నేను పక్కనే ఉండి కూడా చూడలేదు, నాకు ఏడుపే వినిపించేది.

ఆవిడ చూసి చెప్పినవి చిన్న సంగతులే. బిడ్డ ఒళ్ళంతా ఇంటికప్పు వైపు ఉంది, మెడ మాత్రం తల్లి వైపు తిప్పి ఉంది. అలా మెడ తిప్పుకుని మనం గ్లాసుడు నీళ్ళు తాగగలమా? చనుమొన ఒక్కటే నోట్లో ఉంది, చుట్టూ ఉన్న నల్లటి భాగం బయటే ఉంది. బిడ్డ పొట్టను తల్లి పొట్టకి ఆనించి, నోరు ఆవులింత అంత పెద్దగా తెరిచేదాకా ఆగి, అప్పుడు దగ్గరికి తీసుకోమంది. గడ్డం రొమ్ముకి తగలాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. పట్టు సరిపడితే తల్లికి నొప్పి ఉండదు, గుటక చప్పుడు మనకి వినిపిస్తుంది. ఆరు వారాలుగా చనుమొనలు పగిలి కొబ్బరినూనె రాసుకుంటున్న మా అమ్మాయి, నొప్పి ఉండకూడదని అప్పుడే మొదటిసారి విన్నది. పాలిచ్చే తల్లికి నొప్పి మామూలే, ఓర్చుకోవాలి అని దానికి చెప్పింది కూడా నేనే.

ఆ తర్వాత నా వైపు తిరిగి, "మీకు గేదెలున్నాయి కదా. చేపు సంగతి మీకు నేను చెప్పాలా?" అంది.

చేపు అంటే లోపల ఉన్న పాలు ధారగా కిందికి దిగడం. ఆ ఒక్క మాటతో నాకు అంతా అర్థమైంది. ఆడపిల్లను గేదెతో పోలుస్తున్నానని ఎవరూ తప్పుగా అనుకోకండి. నాకు చేతనైన విద్య అదొక్కటే, దాన్ని బట్టే నాకు ఏదైనా తలకెక్కుతుంది.

పాడి ఎరిగిన వాళ్ళకి తెలుసు. పొదుగు నిండా పాలున్నంత మాత్రాన చెంబు పెట్టగానే రావు. ముందు దూడను వదలాలి. అది చప్పరిస్తుంది, రావు. మూతితో పొదుగును కుమ్ముతుంది. ఇటు కుమ్మి అటు కుమ్మి, ఒకటి రెండు నిమిషాలకి రొమ్ములు నిండి నిగనిగలాడతాయి. అప్పుడు చేపు వచ్చినట్టు. అక్కడి నుంచి ధార. దూడ కుమ్ముతోంది కాబట్టి పాలు లేవని ఏ రైతూ గేదెను అమ్ముకోడు. మరి నా మనవరాలు సాయంత్రం పూట రొమ్మును లాగుతూ, గుద్దుతూ, తల కొట్టుకుంటూ చేసింది ఏమిటి? చేపు కోసం అడుగుతోంది. సాయంత్రానికి పాల ధార కాస్త నెమ్మదిస్తుంది, చేపు ఆలస్యంగా వస్తుంది. సీసాలో అయితే నోట్లో పెట్టిన క్షణం నుంచీ ధారే. సీసా అలవాటైన బిడ్డకి ఆ రెండు నిమిషాలు ఆగే ఓపిక పోయింది. ఇక పొద్దున్న రొమ్ములు నిండి ఉంటాయి కాబట్టి చేపు ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. అంత ధార మింగలేక పొలమారి వదిలేస్తుంది. పొద్దున ఎక్కువై ఏడుపు, సాయంత్రం ఆలస్యమై ఏడుపు. మేం రెంటికీ ఒకటే పేరు పెట్టాం, పాలు లేవని.

ఇంకో సంగతి. కొత్తమనిషి వచ్చి పొదుగు కింద కూర్చున్నా, కుక్క అరిచినా, గేదె బెదిరితే పాలు ఎగబట్టేస్తుంది. మేం ఎగచేపు అంటాం. పొదుగులో పాలుంటాయి, దిగవు. అందుకే పాలు పితికే వేళ కొష్టంలో గట్టిగా మాట్లాడనివ్వను. మా అమ్మాయి పాలిచ్చే వేళకి మంచం చుట్టూ నలుగురం నిలబడి "వస్తున్నాయా? రావట్లేదా?" అని అడిగేవాళ్ళం. టెన్షన్‌లో ఉన్న తల్లికి చేపు ఆలస్యమవుతుందని నర్సమ్మ చెప్పింది. గేదెలకు చేపు తెప్పించడానికి కొందరు అడ్డదారిలో సూది వేస్తారు. నేనెప్పుడూ వెయ్యలేదు, వేసేవాళ్ళ పాలు మా కేంద్రంలో పొయ్యనివ్వలేదు. ఆ సూదిలో ఉండే ఆక్సిటోసిన్ తల్లి ఒంట్లో దానంతటదే ఊరుతుందట. బిడ్డ చప్పరిస్తే ఊరుతుంది, బిడ్డ ఒంటి వెచ్చదనం తగిలితే ఊరుతుంది, బిడ్డ ఏడుపు విన్నా ఊరుతుంది. భయపడితే, సిగ్గుపడితే, నొప్పి ఉంటే అది వెనక్కి తగ్గుతుంది. నా కొష్టంలో నేను పాటించిన మర్యాద నా కూతురి గదిలో పాటించలేదు.

మూడోది అన్నిటికంటే పెద్దది. పొదుగులో పాలు మిగిలిస్తూ పోతే గేదె త్వరగా వట్టిపోతుంది. ఎంత పితికితే అంత ఊరుతుంది. మేం సీసా పట్టిన ప్రతి పూటా రొమ్ములో పాలు మిగిలిపోయాయి. అలా రోజుకి నాలుగు పూటలు. పాలు లేవని సీసా పట్టి, సీసా పట్టి పాలు తగ్గించాం. ఇంకో నెల అలాగే చేసి ఉంటే నా మాట నిజమయ్యేది, నేను చెప్పినట్టే అయిందని చుట్టాలందరికీ చెప్పుకునేదాన్ని.

ఆ రోజు నుంచి మార్చాం. పొద్దున్నే మొదటి చేపు ధారను ఒక మెత్తని గుడ్డలోకి పోనిచ్చి, ఉధృతం తగ్గాక బిడ్డను పట్టించింది. తను దిండ్లకు వెనక్కి జారగిలబడి, బిడ్డను పైన బోర్లా పడుకోబెట్టుకుని పట్టిస్తే ధార గొంతులో గుచ్చుకోదు. పొలమారడం మూడు నాలుగు రోజుల్లోనే తగ్గింది. సాయంత్రం అయితే ముందు గోరువెచ్చని నీళ్ళలో ముంచిన గుడ్డ రొమ్ము మీద వేసి, మెల్లగా నిమిరి, రెండు చుక్కలు కనిపించాక పట్టించింది. బిడ్డ గుటకలు ఆగి ఊరికే చప్పరిస్తుంటే రొమ్మును చేత్తో కాస్త ఒత్తి పట్టుకునేది, మళ్ళీ గుటకలు మొదలయ్యేవి. ఒకవైపు అయిపోతే రెండోవైపు, అవసరమైతే మళ్ళీ మొదటివైపు. దీపాల వేళకి ఆ గదిలో టీవీ లేదు, చుట్టాలు లేరు, నేనూ లేను. తలుపు దగ్గరగా వేసి చీకటి చేసి, బిడ్డకి బట్టలు తీసేసి గుండెల మీద వేసుకుని పైన దుప్పటి కప్పుకునేది.

ఏడిచేదాకా ఆగొద్దని కూడా నేర్చుకున్నాం. ఆకలికి ఏడుపు ఆఖరి గుర్తు. అంతకుముందే పెదవులు నాకుతుంది, పిడికిలి నోట్లో పెట్టుకుంటుంది, బుగ్గ తగిలిన వైపు నోరు తిప్పుతుంది. అప్పుడే తీసుకోవాలి. గుక్కపట్టిన బిడ్డకి ఎవరి రొమ్మూ పట్టదు. ముందు భుజాన వేసుకుని తిప్పి, శాంతించాక పెట్టాలి.

డబ్బాను ఒక్కసారిగా మానెయ్యొద్దని నర్సమ్మ గట్టిగా చెప్పింది. రోజుకి నాలుగు పూటలున్నది మూడు చేశాం, తర్వాత రెండు. వారానికోసారి తూచేది. కావలసిన పూట సీసాతో కాకుండా ఉగ్గుగిన్నెతో పట్టమంది. మా అత్తగారి వెండి ఉగ్గుగిన్నె పెట్టెలోంచి తీసి, మరిగే నీళ్ళలో కడిగి వాడాం. సీసా రంధ్రాన్ని మరిచిపోవడానికి బిడ్డకి రెండు వారాలు పట్టింది. మూడో నెల వచ్చేసరికి డబ్బా అక్కర్లేకపోయింది.

పాలు చాలుతున్నాయో లేదో ఏడుపుతో కొలవకూడదు, మా పెరట్లో తీగ మీద కొలిచాం. డైపర్లు మాని పాత చీర గుడ్డలు కట్టాను. ఐదు రోజులు దాటిన బిడ్డ రోజుకి ఆరుసార్లకు తక్కువ కాకుండా నీరుడు పోస్తే పాలు అందుతున్నట్టే. రెండు పూటలా తీగ మీద గుడ్డలు లెక్కపెట్టేదాన్ని. ఎనిమిది, తొమ్మిది ఉండేవి. రెండో కొలత తూకం. పుట్టిన మొదటి రోజుల్లో ఏ బిడ్డయినా కొంచెం తగ్గుతుంది, రెండు వారాలకు పుట్టినప్పటి బరువుకి రావాలి, ఆపైన మొదటి మూడు నెలలు రోజుకి పాతిక ముప్పై గ్రాములు పెరిగితే చాలు.

ఇంత చేశాక ఏడుపు పూర్తిగా మాయమైందని చెబితే అబద్ధం. రొమ్ము దగ్గర పోట్లాట పోయింది. సాయంత్రం ఏడుపు మూడో నెల నిండేదాకా కొంత ఉంటూనే ఉంది. అసలు పసిపిల్లల ఏడుపు ఆరు వారాలప్పుడు బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకు తగ్గుతుందట. సాయంత్రం పూట గంటగంటకీ, అరగంటకీ పాలు అడగడం కూడా ఆ వయసుకి సహజమట. అదేం రోగం కాదు, తల్లి లోపం కాదు. అది తెలిశాక ఆ రెండు గంటలు భరించడం వేరుగా ఉంది. అల్లుడుగారు సెలవు పెట్టి వచ్చినప్పుడు బిడ్డను గుండెకి ఆనించుకుని వరండాలో అటూ ఇటూ తిరిగేవారు. ఆ టైంలో మా అమ్మాయి అన్నం తినేది, స్నానం చేసేది. ఆ సాయం పాలసొర కంటే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

ఊరికే ఆగమని నేను ఎవరికీ చెప్పడం లేదు. రెండు వారాలకీ పుట్టిన బరువు రాకపోయినా, గుడ్డలు తడవడం తగ్గినా, బిడ్డ పాలకి లేవకుండా మగతగా పడి ఉన్నా, ఒళ్ళు వేడిగా ఉన్నా, పచ్చగా వాంతి చేసుకున్నా, విరేచనంలో రక్తం కనిపించినా ఆ గంటలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నోట్లో తెల్లటి పూత ఉండి తుడిచినా పోకపోతే అదొక జబ్బు, మందుతో పోతుంది. నాలుక కింద తీగ పొట్టిగా ఉన్నా బిడ్డకి పట్టు కుదరదు, అదీ చూపించాలి. ముక్కు దిబ్బడేసిన బిడ్డ కూడా తాగలేక వదిలేస్తుంది. కొందరు తల్లులకి నిజంగానే పాలు చాలవు. మా తోడికోడలి కోడలికి రొమ్ముకి ఆపరేషన్ జరిగింది, ఆమె డాక్టరు చెప్పినట్టు డబ్బాపాలతోనే పెంచింది. ఆ పిల్లవాడు చక్కగా బడికి వెళ్తున్నాడు. ఆమెను ఎవరైనా ఒక్క మాటంటే నేను ఊరుకోను. అవసరమైన బిడ్డకి డబ్బాపాలు మందు లాంటివి. అవసరమో కాదో చూడకుండా పుట్టిన గంటలోనే చీటీ రాయడం నాకు బాధ.

మా అమ్మాయి కొన్ని లెక్కలు చదివి వినిపించింది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో నూటికి 88 మందికి పైగా పిల్లలు ఆసుపత్రుల్లోనే పుడుతున్నారు. కానీ పుట్టిన గంటలోపు తల్లి రొమ్ము పట్టిన పిల్లలు నూటికి 42 మంది కూడా లేరు. డాక్టర్లు, నర్సులు ఉన్నచోటే పుడుతున్నారు కదా, మరి ఆ గంట ఎక్కడికి పోతోంది? ఆసుపత్రుల వాళ్ళు దీనికి జవాబు చెప్పాలి. ఆపరేషన్ అయినా సరే, తల్లి స్పృహలో ఉంటే బిడ్డను ఆమె గుండె మీద పెట్టడానికి ఒక మనిషి సాయం చాలు.

మందుల సంచిలో ఊరికే వచ్చిన ఆ పాలడబ్బా సంగతి కూడా అప్పుడే తెలిసింది. 1992లోనే పార్లమెంటు చట్టం చేసింది, 2003లో ఇంకా గట్టిగా సవరించింది. పాలడబ్బాలకు, పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదు, తల్లులకు ఉచితంగా శాంపిళ్ళు పంచకూడదు, వాటిని అమ్ముకోవడానికి ఆసుపత్రిని వాడుకోకూడదు. మాకిచ్చిన వాళ్ళకు ఈ చట్టం తెలియకుండా ఉంటుందా? మంచివాళ్ళనుకుని నేను దణ్ణం పెట్టి మరీ తీసుకున్నాను. ఆ ఆసుపత్రి పేరు రాయడం లేదు. ఒక్కచోటే జరుగుతోందని నేను అనుకోవడం లేదు కాబట్టి రాయడం లేదు.

పుట్టింటికి వచ్చిన పిల్లల విషయంలో ఇంకో చిక్కుంది. ఆశా కార్యకర్త బిడ్డ పుట్టిన 3వ రోజు నుంచి 42వ రోజు దాకా ఆరుసార్లు ఇంటికొచ్చి చూడాలి. మా అమ్మాయి పేరు హైదరాబాద్‌లో నమోదైంది. కాన్పు ప్రైవేటులో. ఉన్నది మా ఊళ్ళో. ఎవరి జాబితాలోనూ లేదు. అందుకే ఆ నెలన్నర మా గడప ఎవరూ తొక్కలేదు. మా ఊరి ఆశా అమ్మాయి మంచిది, మేం చెప్పి ఉంటే వచ్చేది. చెప్పాలని మాకు తెలియదు. తొలి కాన్పుకి పుట్టింటికి రావడం మన దగ్గర ప్రతి ఇంటా ఉన్నదే కదా. కూతురు ఊళ్ళో దిగిన రోజే సబ్‌సెంటర్‌లో ఒక మాట చెప్పమని మీ పత్రిక ద్వారా తల్లులందరినీ కోరుతున్నాను. అధికారులు కూడా అలా వచ్చిన వాళ్ళ పేర్లు రాసుకోవడానికి ఏర్పాటు చెయ్యాలి.

మీ పత్రికకి ఒక మనవి. వచ్చే ఆగస్టులో ర్యాలీ ఫొటో పక్కన బిడ్డ రొమ్మును ఎలా పట్టాలో బొమ్మ వెయ్యండి. పాలు తాగుతూ బిడ్డ ఎందుకు ఏడుస్తుందో పిల్లల డాక్టరు చేత రాయించండి. బాలింత చదవకపోయినా ఆ ఇంట్లో నాలాంటి పెద్దది ఎవరో చదువుతుంది.

మా అమ్మాయికి 26 వారాల సెలవు ముగిసి ఉద్యోగంలో చేరింది. నా మనవరాలికి ఇప్పుడు ఎనిమిదో నెల. మెత్తటి అన్నం తింటోంది, సాయంత్రం తల్లి గుమ్మంలో కనిపించగానే రొమ్ము కోసం చేతులు చాస్తోంది. పాలకేంద్రం పని మా ఆయనకి అప్పగించి ప్రస్తుతం నేను ఇక్కడ హైదరాబాద్‌లో ఉండి పిల్లను చూసుకుంటున్నాను.

మా తమ్ముడి కూతురికి వచ్చే నెలలో పురుడు. భీమవరంలో చూపించుకుంటోంది. ఈసారి పరీక్షకి వెళ్ళినప్పుడు అడగమని రెండు ప్రశ్నలు ఫోన్లో చెప్పి రాయించాను. పుట్టిన గంటలోపు బిడ్డను రొమ్ముకి ఆనిస్తారా? ఇంటికి పంపేముందు ఒక పూట పాలు తాగడం మొదటి నుంచి చివరి దాకా పక్కన కూర్చుని చూసే మనిషి ఉన్నారా? మొదటిదానికి అలాగే అన్నారట. రెండోదానికి, కనుక్కుని చెబుతామన్నారట. ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
ఒక అమ్మమ్మ,
పాలకొల్లు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా.
(నా కూతురి విషయాలు ఉన్నందున పేరు వెయ్యవద్దని మనవి.)